వారానికి ఒక కథ: మిషన్ స్కూల్ ఒకటి, రెండు తరగతుల్లో సమగ్ర వికాసం ఎలా?

జూన్‌లో బడి తెరిచి వారం తిరక్కముందే కొత్త టీచర్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒక్కటే. "మేడమ్, మా సిస్టర్ గారు పిల్లల సమగ్ర వికాసం అంటున్నారు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, ఈవీఎస్, బైబిల్ కంఠత వాక్యం, డ్రిల్లు... వీటికే టైమ్ చాలడం లేదు. దీనికి పీరియడ్ ఎక్కడి నుంచి తేను?"

తేనక్కర్లేదు. టైమ్‌టేబుల్లో "సమగ్ర వికాసం, శుక్రవారం ఆఖరి పీరియడ్" అని రాసుకున్న బడి ఒకటి చూశాను. ఆ పీరియడ్‌లో రెండో తరగతి పిల్లలు "నిజాయితీ" అనే మాటను పదిసార్లు కాపీ చేస్తున్నారు. సగం మంది పక్కవాడి నోటుబుక్కులో చూసి.

గుంటూరు వైపు ఒక మిషన్ స్కూల్లో ఇరవై రెండేళ్లు ఒకటి, రెండు తరగతులకు చెప్పాను. నాకు పనికొచ్చిన పద్ధతి చాలా చిన్నది. వారానికి ఒక కథ తీసుకోవడం, ఆ కథనే లెక్కల్లోకి, ఆటలోకి, అన్నం దగ్గరికి, పెన్సిల్ తగువుల దగ్గరికి మోసుకుపోవడం. అదెలాగో వరసగా చెబుతాను. ఉదాహరణకు తప్పిపోయిన గొర్రె కథనే వాడతాను.

సిద్ధాంతం రెండు ముక్కల్లో ముగిద్దాం. లూకా సువార్త 2వ అధ్యాయం 52వ వచనం మిషన్ స్కూల్ టీచర్లకు నోటికి వచ్చు. బాల యేసు జ్ఞానంలో, వయస్సులో, దేవుని దయలో, మనుషుల దయలో ఎదిగాడని ఆ మాట. అంటే బుర్ర, ఒళ్లు, లోపలి మనసు, చుట్టూ ఉన్న మనుషులు. 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఇదే సంగతిని పంచకోశాల (ఒళ్లు, ప్రాణం, మనసు, బుద్ధి, ఆనందం అనే ఐదు పొరల) పేరుతో చెబుతుంది. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా, అంటే అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి దాకా, ఒకే దశగా చూడమంటుంది. నాలుగని లెక్కపెట్టినా ఐదని లెక్కపెట్టినా పిల్లాడు ఒక్కడే. నేను నాలుగు పెట్టుకున్నాను, నోటుబుక్కు పేజీని నాలుగు గళ్లు చేయడం తేలిక కాబట్టి.

కావలసినవి

- పది పన్నెండు కథలు. ఏడాదికి ఇవి చాలు. ఒక్కో కథా రెండుసార్లు వస్తుంది, రెండోసారే పిల్లలకు ఎక్కువ ఇష్టం.
- సరిగ్గా 100 చింతపిక్కలు, మూతున్న డబ్బాలో.
- చెరువు బంకమన్ను, ఆవాలు, కొబ్బరి చిప్పలు.
- అందరూ కింద కూర్చోవడానికి ఒక పెద్ద పట్టా.
- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. ఒక్కో పిల్లకు రెండు పేజీలు.
- తల్లిదండ్రుల అంగీకార పత్రం.
- మరమరాల డబ్బా ఒకటి. ఎందుకో 6వ మెట్టులో చెబుతాను.

ప్రొజెక్టర్, స్మార్ట్ టీవీ అక్కర్లేదు. ఉంటే ఉండనివ్వండి, కథ చెప్పేటప్పుడు మాత్రం ఆపేయండి.

1. ముందు అంగీకారం తీసుకోండి

మీ తరగతిలో క్రైస్తవ పిల్లలు సగం కూడా ఉండకపోవచ్చు. మా బడిలో ఎప్పుడూ అంతే. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ బడి పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. అదే రాజ్యాంగం 28(3)లో, ప్రభుత్వ గుర్తింపో ఎయిడో ఉన్న బడిలో మైనరు పిల్లల్ని సంరక్షకుల అంగీకారం లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టకూడదని చెప్పింది. చాలా బడుల్లో మొదటిది ఫ్రేమ్ కట్టి ఆఫీసు గోడకు తగిలిస్తారు, రెండోదాన్ని మర్చిపోతారు.

పత్రం తెలుగులో, ఐదారు లైన్లలో ఉండాలి. ఈ ఏడాది చెప్పబోయే కథల పేర్లు అందులోనే రాయండి. కింద రెండు గళ్లు: "ప్రార్థనలో పాల్గొనవచ్చు", "ప్రార్థన సమయంలో మౌనంగా కూర్చుంటుంది". చదవడం రాని తల్లికి మీరే చదివి వినిపించండి.

జాగ్రత్త: ఫీజు కట్టించుకునే బల్ల దగ్గర ఈ సంతకం తీసుకోకండి. అక్కడ ఎవరూ వద్దనరు. జూన్ చివర్లో మీటింగ్ పెట్టి అడగండి.

మౌనంగా ఉండే పిల్లల్ని బయట నిలబెట్టొద్దు, అది శిక్షలా కనిపిస్తుంది. కొన్ని బడుల్లో క్రైస్తవ పిల్లల్ని క్యాటకిజానికి, అంటే మతబోధకు, ఒక గదికి, మిగిలినవాళ్లను మోరల్ సైన్స్‌కు ఇంకో గదికి పంపుతారు. పై తరగతుల్లో సరే. ఆరేళ్ల పిల్లలకు మాత్రం "నువ్వు ఆ గది, నేను ఈ గది" అన్నదే ఆ రోజు నేర్చుకున్న పాఠం అవుతుంది. నేను పాటించింది ఇది: కథ అందరిదీ, ఆరాధన ఇష్టమున్నవాళ్లది.

2. కథను వయసు చూసి ఎంచుకోండి

తప్పిపోయిన గొర్రె, మంచి సమరయుడు (దారిలో దెబ్బలు తిని పడున్న పరాయివాణ్ని ఆదుకున్నవాడు), ఐదు రొట్టెలు రెండు చేపలు, ఆవగింజ. ఈ నాలుగూ ఎప్పుడూ నిరాశపరచలేదు. వీటిలో లెక్కపెట్టడానికి ఏదో ఉంటుంది, చేత్తో పట్టుకోవడానికి ఏదో ఉంటుంది, ఒకరి కష్టం ఉంటుంది.

అబ్రాహాము ఇస్సాకును బలి ఇవ్వబోయిన కథ, హేరోదు పసిపిల్లల్ని చంపించిన కథ, నరకాగ్ని... ఇవి ఇప్పుడు వద్దు. ఒక ఏడు నేను ఇస్సాకు కథ మహా ఉత్సాహంగా చెప్పాను, కత్తి ఎత్తే అభినయంతో సహా. మర్నాడు ఒక పాప వాళ్లమ్మ వచ్చింది. పిల్ల రాత్రి వాళ్ల నాన్న పక్కన పడుకోనని ఏడ్చిందట. ఆ కథ చివర దేవుడు ఆపేశాడని నేను చెప్పాను. ఆ పిల్ల కత్తి దగ్గరే ఆగిపోయింది.

మీది శిశుమందిరమైతే కుచేలుడి అటుకులు తీసుకోండి. మదర్సాలో చిన్న తరగతులకు చెప్పేవాళ్లు దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు బావిలో దిగి నీళ్లు తెచ్చి పోసిన మనిషి కథ తీసుకోవచ్చు. కథ మారుతుంది, కింది మెట్లు మారవు.

3. ప్రేయర్‌ను 10 నిమిషాలకు కుదించండి

ఎండలో 40 నిమిషాలు నిలబడిన ఆరేళ్ల పిల్లాడికి దైవభక్తి పెరగదు, కాళ్లు నొప్పి పుడతాయి. చిన్న తరగతులకు వేరే ప్రేయర్ పెట్టమని హెచ్ఎంను అడగండి. వీల్లేదంటే నీడలో, ముందు వరసలో, కూర్చునే వీలు అడగండి. దీనికి ఒప్పుకోని హెచ్ఎం నాకు తగల్లేదు.

పదినిమిషాల్లో ఇవి పడతాయి: చేతులతో ఊగుతూ పాడే పాట ఒకటి, ఒక పిల్ల సొంత మాటల్లో చేసే చిన్న ప్రార్థన, అర నిమిషం నిశ్శబ్దం, ఆపైన "ఈరోజు ఎవరు రాలేదు?" అనే ప్రశ్న. ఆఖరుది మానొద్దు. ఫలితం చూసుకోవడానికి అదే పనికొస్తుంది.

పిల్లల ప్రార్థనను దిద్దకండి. "దేవా, మా గేదెకు దూడ పుట్టాలి, ఆడది" అని ఒకడు ప్రార్థిస్తే ఆమెన్ అనండి. పెద్దల ప్రార్థనలోని "కృపాసంపన్నుడవైన" లాంటి మాటలు వాడి నోట్లో పెట్టొద్దు.

4. సోమవారం: కథ చెప్పడం

వారమంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి వివరంగా చెబుతాను.

రెండో పీరియడ్. పిల్లల్ని పట్టా మీద గుండ్రంగా కూర్చోబెట్టండి. మీరూ కిందే కూర్చోండి. చేతిలో పుస్తకం ఉండకూడదు, ఒళ్లో చింతపిక్కల డబ్బా ఉండాలి. "ఒక ఊళ్లో ఒకాయనకు గొర్రెలున్నాయి. ఎన్నున్నాయో చూద్దామా?" అంటూ పిక్కల్ని పదేసి చొప్పున కుప్పలు పోయండి. మూడో కుప్ప దగ్గరికి వచ్చేసరికి తరగతి మొత్తం మీతో పాటు గొంతెత్తి లెక్కపెడుతుంది. పది కుప్పలు, 100.

గొర్రెల్ని మేతకు తోలండి. వాగు దాటించండి, తుమ్మచెట్ల కింద కాసేపు పడుకోబెట్టండి. మీ ఊరి పొలిమేరే చెప్పండి, పాలస్తీనా అక్కర్లేదు. ఈలోగా ఎవరూ చూడకుండా ఒక పిక్కను పిడికిట్లో దాచేయండి. పొద్దు గూకింది, కాపరి మందను దొడ్డికి తోలి మళ్లీ లెక్కపెడుతున్నాడు. ఆఖరి కుప్పలో తొమ్మిదే వస్తాయి.

అక్కడ ఆగండి. ఏమీ అనకండి.

పిల్లలు ఆ పిక్క కోసం పట్టా ఎత్తి చూస్తారు. ఒకరిద్దరు మీ ఒళ్లో చూస్తారు. ఆ వెతుకులాటే కథ. కాసేపు వెతకనిచ్చి, తర్వాత కాపరి లాంతరు పట్టుకుని బయల్దేరిన సంగతి, ముళ్లకంపలో గొర్రె దొరికిన సంగతి, భుజాల మీద వేసుకుని ఇంటికొచ్చి ఇరుగుపొరుగును పిలిచిన సంగతి చెప్పి, పిడికిలి తెరవండి.

తర్వాత రెండే ప్రశ్నలు. "ఇందులో మీకు బాగా నచ్చింది ఏది?" "మీరు ఈ కథలో ఉంటే ఎవరై ఉంటారు?" అంతే. "ఈ కథలోని నీతి ఏమిటి?" అని అడిగారో, పిల్లలు మీకు ఏది కావాలో అది చెబుతారు. వాళ్లకు అది బాగా తెలుసు.

ఒక ఏడు గొర్రెల కాపరుల ఇంటి పిల్లాడు చెయ్యెత్తాడు. "టీచర్, ఆయన వెతకడానికి పోతే మిగతావాటిని ఎవరు కాస్తారు? తోడేలు రాదా?" సువార్తలో దీనికి జవాబు లేదు, నా దగ్గర అసలే లేదు. నేను నోరు తెరిచేలోగా పక్క పిల్ల అంది, "వాళ్ల తమ్ముడుంటాడులే." వాడు తల అడ్డంగా ఊపాడు. "మా తాతైతే కుక్కను పెట్టి పోతాడు." మొత్తం తరగతి ఆ 99 గొర్రెల కాపలా ఏర్పాటులో పడింది. ఆ రోజు ఇంగ్లీషు పీరియడ్ పోయింది, నేనేం బాధపడలేదు. అంతకుముందు రెండు నెలలు తరగతిలో నోరు మెదపని పిల్లాడు వాడు.

జాగ్రత్త: చింతపిక్కల్ని పిల్లలు ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. అదో లెక్కల పాఠం కూడా.

ఇంట్లో లంబాడీయో ఉర్దూయో మాట్లాడే పిల్లలుంటే గొర్రెను వాళ్ల మాటలో ఏమంటారో వాళ్లనే అడిగి, మధ్యలో ఆ మాటే వాడండి. ఇంగ్లీషు మీడియం బడి అయినా కథ మాత్రం తెలుగులోనే చెప్పండి. ఇంగ్లీషు తర్వాత వస్తుంది.

5. మంగళవారం నుంచి గురువారం: అదే కథను పాఠాల్లోకి

లెక్కలు: 99, ఇంకొకటి వస్తే 100. స్థానవిలువకు ఇంతకంటే మంచి కథ నాకు దొరకలేదు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు వచ్చేలా చూడటానికి 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి చివరికి 99 దాకా అంకెలు చదవడం, రాయడం రావాలి. పదేసి కుప్పలు పోసిన పిల్లలకు అది దానంతటదే వస్తుంది. రెండో తరగతికైతే "మూడు గొర్రెలు తప్పిపోతే?", "పదిహేడు తప్పిపోతే?" అని తీసివేతలు చేయించండి.

తెలుగు: పిల్లలు చెప్పిన వాక్యాల్నే చార్టు మీద రాయండి. "గొర్రె ముళ్లలో ఇరుక్కుంది." "కుక్క మందను కాసింది." నాలుగైదు మాటలున్న వాక్యాలు. తాము అన్న మాటను తామే చదవడం పిల్లలకు పెద్ద గొప్ప. నిపుణ్ రెండో తరగతి లక్ష్యం నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవడం. దాని గురించి ఇప్పుడు టెన్షన్ వద్దు, వారానికి ఐదు కొత్త వాక్యాలు గోడ మీదికి ఎక్కుతున్నాయా లేదా అన్నదే చూడండి.

ఆట: దాగుడుమూతలు. చిన్న మార్పు ఏమిటంటే, దొరికినవాడు ఔట్ కాడు, వాడూ మిగతావాళ్లను వెతకడంలో చేరతాడు. ఆఖరున దొరికినవాడిని అందరూ చప్పట్లతో లోపలికి తీసుకురావాలి. పరిగెత్తలేని పిల్ల ఉంటే ఆమే కాపరి, లెక్క ఆమెదే. వాన పడితే వరండాలో కోలాటం వేయించండి. కర్రలు లేకపోతే చేతులే కర్రలు.

చేతిపని: బంకమన్నుతో గొర్రె. మీరు ముందు ఒకటి చేసి చూపించొద్దు. చూపిస్తే తరగతిలోని 36 మందీ మీ గొర్రెనే చేస్తారు. నాలుగు కాళ్లు లేకపోయినా పర్వాలేదు, ఎండకు పగిలితే పగలనివ్వండి.

ఆవగింజ వారమైతే కొబ్బరి చిప్పలో తడిమట్టి వేసి ఆవాలు చల్లించండి. రెండు మూడు రోజుల్లో మొలక కనిపిస్తుంది. సోమవారం చల్లితే వారంలోపే చూసుకోవచ్చు. శుక్రవారం చల్లితే ఆదివారం నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిపోతాయి. రెండుసార్లు నాకు అదే జరిగింది.

హోంవర్క్ వద్దు. 2020 స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వొద్దనే చెప్పింది. ఒకటి, రెండు తరగతుల బ్యాగు బరువు 1.6 నుంచి 2.2 కిలోల మధ్య ఉండాలని కూడా చెప్పింది. ఒకసారి వంటగదిలోని త్రాసు తెప్పించి తూచి చూడండి, మీకే ఆశ్చర్యమేస్తుంది. రాత పనికి బదులు ఇంటికి ఒక ప్రశ్న పంపండి: "మన ఇంట్లో ఎప్పుడైనా ఏదైనా తప్పిపోయి దొరికిందా?" మర్నాడు ముక్కుపుడకలు, కోడిపెట్టలు, పుష్కరాల్లో తప్పిపోయిన బాబాయిలు వస్తారు.

6. అన్నం, నీళ్లు, బాత్రూమ్

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది, కానీ దాటేయకండి. పదకొండింటికి "తలనొప్పి టీచర్" అనే పిల్లను ముందు అడగాల్సింది "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని. నూటికి డెబ్బై పాళ్లు జవాబు "టీ". మరమరాల డబ్బా అందుకే. అందరి ముందూ పెట్టకండి, పిల్ల సిగ్గుపడుతుంది. చార్టు తెమ్మని స్టాఫ్‌రూమ్‌కు పంపి అక్కడ తినిపించండి.

భోజనం ముందు ప్రార్థన చేసేవాళ్లు చేస్తారు, మిగిలినవాళ్లు ఆగుతారు. ఎవరి డబ్బాలో ఏముందనే దాని మీద టీచర్ నోటి నుంచి ఒక్క మాట రాకూడదు, మెచ్చుకోలు కూడా. "అబ్బ, నీది చికెనా!" అన్న మాట పక్కనున్న పచ్చడి మెతుకుల పిల్ల వింటుంది.

బాత్రూమ్‌కు అడిగినప్పుడు పంపండి. చేతులు కడిగించేది మీరూ వాళ్లతో కలిసి కడుక్కుంటూ. ఆరోగ్యం పీరియడ్ అంటే ఇంతే.

7. తగువులు వచ్చినప్పుడు

ఈ మెట్టు దగ్గరే చాలా మిషన్ స్కూళ్లు జారిపోతాయి. నేనూ జారాను.

చేరిన మూడో ఏడు. పెన్సిల్ దొంగతనం చేశాడని ఒకడిని నల్లబల్ల పక్కన మోకాళ్ల మీద ఉంచాను. అప్పట్లో అందరూ చేసేదే. మర్నాడు ప్రేయర్‌లో పిల్లలంతా మోకరించారు, వాడు మాత్రం నిలబడే ఉన్నాడు. దగ్గరికెళ్లి ఎందుకురా అని అడిగాను. "ఈరోజు నేనేం చేయలేదు టీచర్" అన్నాడు.

ప్రార్థనకు మోకాళ్లు, శిక్షకూ మోకాళ్లు. ఆ రోజు నుంచి మోకాళ్ల శిక్ష మానేశాను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం మైనారిటీ స్కూళ్లకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పిందిగా అని వాదించే కరస్పాండెంట్లు ఉన్నారు. ఆ చట్టాన్ని పక్కన పెట్టినా, తమ ఆధీనంలో ఉన్న బిడ్డ మీద క్రూరత్వం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. అయినా మంచి సమరయుడి కథ చెప్పే బడికి ఈ సెక్షన్లు గుర్తుచేయాల్సి రావడమే బాగాలేదు.

ఇప్పుడు చేసే పద్ధతి:

క) ఇద్దర్నీ పట్టా మీద ఎదురెదురుగా కూర్చోబెట్టండి. మీరు మధ్యలో.
ఖ) ఒకరు చెప్పేటప్పుడు రెండోవాళ్లు ఆపకూడదు. గొర్రె బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట.
గ) "సారీ చెప్పు" అనొద్దు. "ఇప్పుడు ఇది ఎలా సర్దుదాం?" అని అడగండి. విరిగిన పెన్సిల్‌కు చెక్కి ఇవ్వడం, చింపిన పేజీకి జిగురు పెట్టడం లాంటివి వాళ్లే చెబుతారు.
ఘ) సాయంత్రం గంట కొట్టే ముందు సర్దారో లేదో చూడండి. చూడకపోతే రేపటి నుంచి ఇది ఉత్త నాటకం.

"దేవుడు చూస్తున్నాడు, కళ్లు పోతాయి" అనే మాట ఎవరి నోట వచ్చినా ఆపండి, ఆయమ్మ నోట వచ్చినా సరే. దేవుణ్ని కానిస్టేబుల్ చేస్తే పిల్లలు కానిస్టేబుల్ని చూసి తప్పుకున్నట్టే తప్పుకుంటారు.

8. రోజుకు ముగ్గురు పిల్లల గురించి రాయండి

సాయంత్రం ఐదు నిమిషాలు. నోట్‌బుక్‌లో ఒక్కో పిల్ల పేజీలో నాలుగు గళ్లు: బుర్ర, ఒళ్లు, మనసు, తోటివాళ్లు. రోజుకు ముగ్గురు చొప్పున రాస్తే 36 మంది పన్నెండు పనిదినాల్లో ఒక చుట్టు తిరుగుతారు. అన్ని గళ్లూ నింపాలని లేదు.

తప్పుగా రాసింది: "మంచి పిల్ల. దయ ఎక్కువ. లెక్కల్లో వీక్."

సరిగ్గా రాసింది: "ఆటలో పడ్డవాడికి నీళ్ల సీసా తెచ్చింది, ఎవరూ చెప్పకుండా. 47ను 74 అని రాసింది, పిక్కలు పెడితే సరిచేసుకుంది. బోర్డు చూసేటప్పుడు కళ్లు చికిలిస్తోంది."

ఆ ఆఖరి వాక్యం కంటి డాక్టరు దాకా తీసుకెళ్తుంది. "వీక్" అనే మాట ఎక్కడికీ తీసుకెళ్లదు. చూసింది రాయండి, తీర్పు రాయకండి. ఒక పిల్ల గురించి రాయడానికి ఏమీ తోచకపోతే, ఆ పిల్లను మీరు ఈ వారం చూడలేదన్నమాట. మర్నాడు ఆమె పక్కన కూర్చుని అన్నం తినండి.

9. తల్లిదండ్రులతో

"మా వాడికి ర్యాంకెంత మేడమ్?" అని అడుగుతారు. విసుక్కోకండి, ఫీజు కట్టేవాళ్లకు అడిగే హక్కుంది. ముందు చదువు సంగతే చెప్పండి, ఏం చదవగలుగుతున్నాడో చార్టు మీద వాడి చేతే చదివించి చూపించండి. తర్వాత నోట్‌బుక్ తీసి వాడు చేసిన పని ఒకటి, తేదీతో సహా చదివి వినిపించండి. తమ బిడ్డ గురించి అలా రాసిపెట్టిన మాట విన్న తండ్రి మళ్లీ ర్యాంకు అడగడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

తరచూ జరిగే పొరపాట్లు

కంఠత వాక్యానికి బహుమతులు. వాక్యం నేర్పడంలో తప్పులేదు, ప్రతి వాక్యానికీ చాక్లెట్ ఇవ్వడంలో ఉంది. చాక్లెట్ ఆగిన వారం వాక్యమూ ఆగిపోతుంది. నేర్పాలనుకుంటే పాటగా కట్టి పాడించండి. బైబిల్ తెలుగు వాళ్లకు అర్థం కాదు కాబట్టి ఒక్కో మాటా విడమరచండి. "కొదువ" అంటే ఏమిటో తెలియకుండా ఏడాదంతా అప్పజెప్పిన పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు.

క్రిస్మస్ నాటకం. తెల్లగా ఉన్న పిల్లలు దేవదూతలు, నల్లగా ఉన్నవాళ్లు గొర్రెల కాపరులు, మాట రానివాళ్లు గొర్రెలు. ఎవరూ కావాలని చేయరు, అలా జరిగిపోతుంది. పిల్లలకు మాత్రం అర్థమవుతుంది. ఏడాదంతా చెప్పిన కథలన్నీ డిసెంబరులో ఒక్క సాయంత్రం కొట్టుకుపోతాయి. చీటీలు వేయండి. మరియ వేషం ఎవరికి వస్తే వాళ్లకే. వీడియో తీసే ఫొటోగ్రాఫర్ గొణిగితే గొణగనివ్వండి.

విలువలకు మార్కులు. "ప్రేమ 8/10" అని రాసిన ప్రోగ్రెస్ కార్డు నేను కళ్లారా చూశాను. మిగతా రెండు మార్కుల ప్రేమ ఎక్కడ దొరుకుతుందో ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

వారానికి రెండు కథలు. సిలబస్ భయం కథల్లోకీ వస్తుంది. ఒక్కటే చెప్పండి.

ఫలితం వచ్చిందా? ఇలా చూసుకోండి

నెలకోసారి చాలు. పరీక్షలా ప్రశ్నలు వేయకూడదు, ఊరికే గమనించాలి.

- కథను రెండు వారాల తర్వాత ఒక పిల్ల చేత చెప్పించండి. మీ మాటలే తిరిగి వస్తే కంఠస్థం అయిందని అర్థం. వాళ్ల గేదె, వాళ్ల వాగు అందులోకి వచ్చాయంటే లోపలికి దిగింది.
- గోడ మీది వాక్యాల్లో కొత్తది ఒకటి రాసి, ముందుగా చెప్పకుండా చదవమనండి. తడబడితే ఆ వారం కథ సగం తగ్గించి చదువు పెంచండి. చదవడం రాని పిల్లకు సమగ్ర వికాసం జరిగిందని ఎవరూ అనలేరు.
- భోజనం దగ్గర దూరంగా నిలబడి చూడండి. ఒంటరిగా తినేది ఎవరు? పోయిన నెలా ఆ పిల్లేనా?
- మీరు గది బయటికి వెళ్లి మూడు నిమిషాలు కిటికీ పక్కన ఆగండి. తగువు వస్తే వాళ్లలో వాళ్లే పట్టా మీద కూర్చుంటున్నారా?
- ప్రేయర్‌లో "ఎవరు రాలేదు?" అని మీరు అడిగేలోపే పిల్లలు చెబుతున్నారా?

ఈ చివరిదాని మీద నాకు నమ్మకం ఎక్కువ. మొదటి నెలలో హాజరు పట్టీలో పేరు పిలిస్తే "రాలేదు టీచర్" అని ఎవరో ఒకరు అరుస్తారు, అంతే. మూడో నెలకు "జొరం టీచర్, నేను పొద్దున వాళ్లింటికి వెళ్లి చూశాను" అని వస్తుంది. అది రాకపోతే గొర్రె కథ మళ్లీ చెప్పండి, ఈసారి ఇంకొంచెం నెమ్మదిగా.

చింతపిక్కలు ఈ శని, ఆదివారాల్లో బాగా ఎండబెట్టుకోండి. గుజ్జు అంటుకుని ఉంటే పురుగు పడుతుంది, సోమవారం లెక్క 100 రాదు.